అలిసిపోయిన కంప్రెషర్

పేరయ్య నోటి నుంచి ‘పాడైపోయింది’ అన్న మాట విన్నవాళ్లు అద్దంకిలో ఇంతవరకూ లేరు. ఆయన దృష్టిలో వస్తువనేది అలిసిపోతుంది, అలుగుతుంది, ఆలోచనలో పడుతుంది, మహా అయితే కాసేపు నడుం వాలుస్తుంది. పాడవడం మాత్రం దానికి చేతకాదు.

ఆయన ఇంట్లో టీవీకి బొమ్మ పోయి మూడేళ్లయింది. మాటలు మాత్రం వినపడతాయి. “కొత్తది కొందామయ్యా, ఇది పాడైంది” అని భార్య పున్నమ్మ మొత్తుకుంటే, “పాడవడమేంటే? నీకసలే షుగరు. కళ్లకి శ్రమ లేకుండా చూసుకుంటోంది, పాపం” అన్నాడు. అప్పటినుంచీ పున్నమ్మ సీరియళ్లు వింటోంది. సీరియల్లో అత్త గొంతూ కోడలి గొంతూ ఒకేలా ఉండడంతో, ఎవరు ఎవరి పాలల్లో విషం కలిపారో తెలీక, రోజూ పక్కింటికి పోయి కనుక్కొస్తోంది.

గుంటూరు మిర్చి యార్డులోనూ ఇదే వరస. సరుకు చూడడానికి వచ్చిన వ్యాపారి గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, రంగుపోయి తెల్లబడ్డవాటిని వేలితో పక్కకి తోసి, “తాలు కాయ బాగా ఉందే పెద్దాయనా” అంటాడు.

“తాలేంటయ్యా! జుట్టు నెరిసిన కాయలవి. నీకు నెరవలా? నిన్నెవరన్నా తాలన్నారా?”

వ్యాపారి పడీ పడీ నవ్వుతాడు. ధర మాత్రం నవ్వకుండా తగ్గిస్తాడు.

ఈ పేరయ్యకి ఒక్కతే చెల్లెలు, సుబ్బరావమ్మ. నాలుగు వీధుల అవతల ఇల్లు. మొదటినుంచీ నెమ్మది మనిషి, మొన్న వానాకాలంలో భర్త వెంకయ్య పోయాక మరీ నెమ్మదైపోయింది. వెంకయ్య పోయిన రోజున మాత్రం పేరయ్య ఇలాంటి కబుర్లేవీ చెప్పలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి, వచ్చి చెల్లెలి పక్కన చాప మీద కూర్చుండిపోయాడు. సాయంత్రం దాకా లేవలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి, షెడ్డులో ఉన్న వెంకయ్య కారుని ఊరి చివరి దాకా తిప్పి తెచ్చేవాడు. “బావ లేడని బెంగెట్టుకుంటదే. తిప్పుతా ఉండాల” అనేవాడు. ఆయన కారూ అచ్చం అదే. మిర్చికి మంచి ధర పలికిన ఏడాది బావా బావమరుదులిద్దరూ పోటీపడి, ఒకే రోజు ఒకే రకం తెల్లకార్లు కొనుక్కున్నారు. తేడా ఒక్కటే. వెంకయ్య తన కారుని అద్దంలా ఉంచుకున్నాడు. పేరయ్య తన కారులో మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకు తిరిగాడు. “లారీ కుదుపులకి కాయ నలుగుద్ది” అనేవాడు అడిగినవాళ్లతో.

మార్చి నెలలో సుబ్బరావమ్మ కూతురు జ్యోతిర్మయి కాన్పుకి పుట్టింటికొచ్చింది. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ ఆయాసం. మిరప ఘాటు తగిలిందంటే ఊపిరి అందదు. గుంటూరు డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. “నొప్పులు మొదలవగానే ఇక్కడికి తీసుకురండి. దారిలో ఘాటు తగలకూడదు. ఆయాసం ఎక్కువైతే తల్లికీ బిడ్డకీ కూడా కష్టం.”

చెప్పడం తేలికే. ఆ నెలలో గుంటూరు రోడ్డంటే కళ్లాల్లో మిరపే, లారీల మీద మిరపే, కోల్డ్ స్టోరేజీల ముందు మిరపే. కారు అద్దాలు బిగించి ఏసీ వేసుకుంటే తప్ప మామూలువాళ్లకే దగ్గు ఆగదు. అందుకే అల్లుడు కోటేష్ సెలవు పెట్టుకుని వచ్చి, వెంకయ్య కారు వాకిట్లో సిద్ధంగా ఉంచాడు.

కాన్పుకి ఇంకా పన్నెండు రోజులుందనగా ఏసీ కరకరమని, వేడిగాలి కొట్టడం మొదలెట్టింది.

పేరయ్య వచ్చి బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాడు. “గొంతు సవరించుకుంటోందమ్మా. కంగారు పడబాకు.”

వెనకే మెకానిక్ సాల్మన్ వచ్చాడు. ఒక్క నిమిషం చూసి, “కంప్రెషర్ పోయింది బాబాయ్” అన్నాడు.

“ఒరేయ్! కాన్పు పెట్టుకున్న ఇంట్లో పోవడాలేంట్రా? అలిసింది, అంతే.”

“సరే, అలిసింది. ఇట్టాగే నడిపితే బిగుసుకుపోద్ది. బిగుసుకుంటే బెల్టు తెగుద్ది. తెగితే బండి నడిరోడ్డు మీద ఆగుద్ది. పాత మోడలు గదా, పార్టు తెప్పించాలంటే రెండు మూడు వారాలు పట్టుద్ది.”

సుబ్బరావమ్మ పిల్లని ఏ పొలం గట్టు పక్కనో, ఆగిపోయిన కారులో, ఊపిరి అందక కొట్టుకుంటున్నట్టు ఊహించుకుంది. అరుగు పట్టుకుని, “అన్నాయ్, నీ కారన్నా మా వాకిట్లో ఉంచు” అంది.

జ్యోతిర్మయి వెళ్లి మావయ్య కారు డోరు తీసింది. ఎక్కలేదు. తియ్యడమే. ఏడు తుమ్ములు తుమ్మి, ఎనిమిదోది సగంలో ఆగి ఆయాసపడుతూ అరుగు మీద కూలబడింది. ఆ కారు సీట్లలో మూడు సీజన్ల మిరప పొడి ఉంది.

“అది కారా, కారం డబ్బానా?” అంది మొగుడి వెంట వచ్చిన పున్నమ్మ. “అద్దె కార్లూ ఇంతే వదినా. ఈ సీజన్లో మిరప మోయని బండి ఏదుందీ?” అంది సుబ్బరావమ్మ, ఏడుపు గొంతుతో.

పేరయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “బావ కారు రెండ్రోజులు నాకొదులు. మా వేపచెట్టు నీడన కట్టేసి విశ్రాంతిస్తా. అదే సర్దుకుంటది.”

“అన్నాయ్, ఇది ఆటలాడే సమయం కాదు.”

“నేనెప్పుడన్నా ఆటలాడానా?” అన్నాడు, టీవీని రేడియో చేసిన మనిషి.

మూడో రోజు పొద్దున కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. కోటేష్ ఏసీ వేశాడు. కరకర లేదు. చల్లటి గాలి రివ్వున వచ్చింది. సుబ్బరావమ్మ చెయ్యి పెట్టి చూసి, నమ్మకం కుదరక మళ్లీ పెట్టి చూసింది.

“ఏం చేశావు అన్నాయ్?”

“ఏం లేదే. మజ్జిగ పట్టించా.”

“అవును, మజ్జిగే,” అంది పున్నమ్మ, ఎటో చూస్తూ. “నాచేతే చిలికించాడు.”

మొగుడి మాటకి పున్నమ్మ వంత పాడడం ముప్పై ఏళ్లలో అదే మొదలు. సుబ్బరావమ్మ అప్పుడే అనుమానించాల్సింది. కానీ ఆ చల్లటి గాలి ముందు అనుమానాలేవీ నిలవలేదు.

తర్వాతి వారం శుక్రవారం మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. కోటేష్ నడిపాడు. గుంటూరు దగ్గర లారీలు బారులు తీరి, కారు అడుగులో అడుగేస్తూ కదిలింది. బయట హమాలీలు మూతులకి గుడ్డలు కట్టుకుని దగ్గుతున్నారు. లోపల సుబ్బరావమ్మ ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని, చూపు మాత్రం ఏసీ మీదే ఉంచింది. ‘ఆగబాకమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం’ అని లోలోపల దాన్నే బతిమాలుకుంది. అది ఆగలేదు. జ్యోతిర్మయి అరిచింది, మొగుణ్ణి తిట్టింది, దగ్గు మాత్రం ఒక్కసారీ దగ్గలేదు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. “తల్లీబిడ్డా బావున్నారు” అని డాక్టరమ్మ చెప్పాక, సుబ్బరావమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని, చాలా నెలల తర్వాత ఆకలేస్తోందని గమనించింది. రెండు ప్లేట్ల ఇడ్లీ తినేసింది.

మర్నాడు ఇంటికెళ్లి బట్టలు తేవాలి. కోటేష్ కారుతో ఆసుపత్రిలోనే ఉండాలి. యార్డులో సరుకు దించేసి పేరయ్య వచ్చి, చెల్లెల్ని తన కారెక్కించుకున్నాడు. నాలుగద్దాలూ దించే ఉన్నాయి. ఎండ మండిపోతోంది. కారు వేగం అందుకోగానే సీట్లలోని మిరప పొడి లేచి గిరగిరా తిరిగింది.

“అద్దాలెత్తి ఏసీ వెయ్యి అన్నాయ్... హాఛ్!”

“ఏసీ ఒంటికి మంచిది కాదే... హాఛ్! దేవుడిచ్చిన గాలి పీల్చు.”

అప్పుడే ఆయన ఫోను మోగింది. డ్రైవింగులో ఉన్నాడు గనక స్పీకరు నొక్కాడు. సాల్మన్ గొంతు కారంతా నిండిపోయింది. “బాబాయ్, పార్టొచ్చేసింది. రేపు నీ కారు తీసుకురా, బిగిస్తా. చెల్లెలి కారుకి నీ కంప్రెషర్ తీసి పెట్టాం గదా, బానే పనిచేస్తందా?”

“ఎవరండీ? రాంగ్ నంబరు,” అన్నాడు పేరయ్య, ఫోను కట్ చేసి.

సుబ్బరావమ్మ అన్న మొహంలోకి చూసింది. ముక్కు చివర ఎర్రగా కమిలిపోయింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఇన్ని రోజులూ ఇందులో ఇట్టా తిరిగావా?”

“నా ముక్కుకి అలవాటేలే.”

“నాకు చెప్పొచ్చుగా!”

పేరయ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “ఏమని చెప్పనే? ఇప్పటికే నీ ఇంట్లో పోకూడని మనిషి పోయాడు. ఇంకోటి పోయిందని నా నోటితో నేనెట్టా చెప్పేది?”

సుబ్బరావమ్మ ఏదో అనబోయింది. మిరప పొడి అననివ్వలేదు. అన్నా చెల్లెలూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముకుంటూ టోల్ గేటు దాకా వచ్చారు.

అక్కడ కారు అద్దం మీది టోలు స్టిక్కరుని మిషను చదవలేకపోయింది. చేతి మిషను పట్టుకుని ఒకమ్మాయి కిటికీ దగ్గరికొచ్చింది. ఇద్దరి కళ్ల వెంటా ధారలు కారుతున్నాయి. ఆ పిల్ల గొంతు తగ్గించి, “ఏమైంది పెద్దమ్మా? ఆసుపత్రి నుంచా?” అంది.

“అవునమ్మా, నా మనవరాలు...” సుబ్బరావమ్మకి తుమ్మొచ్చి మాట ఆగిపోయింది.

“అయ్యో!” అని ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“పుట్టిందే తల్లీ! పుట్టింది!” అని సుబ్బరావమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. పేరయ్య నవ్వాడు. ఇంతలో కారులోంచి గాలి అటు తిరిగి, ఆ పిల్ల కూడా తుమ్మడం మొదలెట్టింది. గేటు ఎప్పుడో లేచింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పేరయ్య తెల్లకారు మాత్రం ఇంకా కదల్లేదు.