సక్షన్ ఏది, డెలివరీ ఏది

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే ఫోన్ తీసుకుని లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాతకు కోయంబత్తూరులో పంపుసెట్ల రిపేరు షాపు ఉండేది. మోటారు స్విచ్ వేసే ముందు, పక్కన ఎవరున్నా సరే, నీళ్లు లాగే సక్షన్ పైపు ఏది, బయటికి తోసే డెలివరీ పైపు ఏది అని అడిగేవారు. వేలితో చూపిస్తేనే స్విచ్ ముట్టుకోనిచ్చేవారు. చిన్నప్పుడు నాకు ఒళ్లు మండేది.

ఆయన పోయి ఏడాది కావస్తుండగా, ఒక మధ్యాహ్నం అవ్వ నా పక్కన కూర్చుని మెల్లిగా అంది: “ఆయన గొంతు మర్చిపోతాండాను కన్ను.” నన్ను ముద్దుగా పిలిచేది అలాగే.

తాత అవ్వను జీవితమంతా ‘ఏమే’ అనే పిలిచారు. తన ఎనభై ఏళ్ల వేడుకలో అందరూ పట్టుబడితే, మైకులో ఒక్కసారి పేరు పెట్టి పిలిచారు. ఆ రికార్డింగు ఒక్క పెన్ డ్రైవులోనే ఉంది. అది తెరుచుకోవడం లేదు.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. డ్రైవు ఉన్నట్టు చూపిస్తోంది, తెరవబోతే ఎర్రర్. పీకాను, పెట్టాను, తిట్టాను. ఫోన్‌లో వెతికితే, దాన్ని కెలక్కుండా ముందు మొత్తం కాపీ తీయమన్నారు. అందుకు ‘డీడీ’ అనే కమాండు ఉంది. ఎక్కడినుంచి, ఎక్కడికి అని రెండు పేర్లివ్వాలి. అవి తారుమారైతే డ్రైవులో ఉన్నది పోయినట్టే.

మొదటి కాపీ సగంలో ఆగిపోయింది. కోపంగా, ఫోన్ వదలకుండానే ఒంటిచేత్తో కమాండు మళ్లీ కొట్టాను. వేలు ఎంటర్ మీద ఉంది.

“సక్షన్ ఏది, డెలివరీ ఏది?”

నా కుడి భుజం వెనకనుంచి. షాపులో అడిగినట్టే, తీరిగ్గా. పాత అలవాటుగా వేలెత్తి స్క్రీను మీద చూపించబోయాను. రెండు పేర్లూ తిరగబడి ఉన్నాయి. నొక్కి ఉంటే ఆ సగం కాపీ వెళ్లి డ్రైవు మీద పడేది.

ఇంతవరకే అయితే నా మనసే గుర్తుచేసిందని సరిపెట్టుకునేదాన్ని. కానీ అవ్వ చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

“పాడిందా అది? మీ తాత గొంతు వినిపించె.”

ఇంకా తెరుచుకోలేదన్నాను.

“లేదేమి? పైపుల మాట అడిగిరి గదా.”

పేర్లు సరిచేసి, చెడిపోయిన చోట్లు దాటి వెళ్లమని కమాండులో చేర్చి, మళ్లీ మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది. ఆ కాపీలోంచి రికార్డింగు తెరుచుకుంది. జనం నవ్వులు, మైకు గరగర, తాత గొంతు సవరించుకోవడం. తర్వాత సిగ్గుపడుతూ, “రంగనాయకీ.”

అవ్వ కొంగు సర్దుకుంది. “ఆ, వస్తాండాను,” అంది.

ఆ రికార్డింగు మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లు విన్నానో. పైపుల మాట అందులో ఎక్కడా లేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఏదీ మోగడం లేదు, ఫోన్ సైలెంట్‌లో ఉంది. నేను విన్నది అవ్వ ఎలా వింది?

ఇప్పుడు ఎంటర్ నొక్కే ముందు రెండు పేర్లనీ వేలితో చూపిస్తాను. చూపించాక కాసేపు ఆగుతాను కూడా, మళ్లీ అడుగుతారేమోనని.