వెడల్పు తెరకు ఎడమ మూల

మా బిస్కెట్ ఫ్యాక్టరీ బస్సు నడిపే ఆయన్ని అందరం తాబేలు అనే పిలిచేవాళ్లం. మొహం మీదే అనేవాళ్లం, ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇరవై రెండేళ్లలో బండి మీద చెప్పుకోదగ్గ గీత పడనివ్వని మనిషి. పచ్చదీపం వెలిగినా ఓ క్షణం ఆగి, అటూ ఇటూ చూసుకుని గానీ కదిలేవాడు కాదు. "తాబేలు బండెక్కితే ఆలస్యమైతే అవుతుంది గానీ, ఇంటికి మాత్రం చేరతాం" అని ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లు అనుకునేవాళ్లు. నేను తొమ్మిదేళ్లు ఆ బస్సులో మూడో వరుస కిటికీ పక్కన కూర్చుని తిరిగాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నా కళ్లతో చూసింది, మిగతాది తర్వాత ఆయనా, ఆయన భార్యా చెప్పింది.

అంత నెమ్మదస్తుడికీ ఒక పిచ్చి ఉండేది. డ్యూటీ దిగి, స్నానం చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల రేసు ఆడేవాడు. అందులో మాత్రం గంటకు రెండొందల కిలోమీటర్లకు తగ్గితే ఆయనకు ఊపిరాడేది కాదు. ఆ ఆట అంటించింది బావమరిది. అతను ప్రింటర్లు బాగుచేస్తాడు. అతను తన ఇంట్లోంచి, ఈయన ఈయన ఇంట్లోంచి ఒకే రేసులో దిగి, ఫోన్లో ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఆడేవాళ్లు. భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆమెకు సినిమాలంటే ప్రాణం. కానీ ఉన్నది పదిహేడు అంగుళాల పాత మానిటర్. సినిమా పెడితే పైనా కిందా నల్ల పట్టీలు పోను, మధ్యలో జానెడు బొమ్మ మిగిలేది. తలుపు సందులోంచి పక్కింటి గొడవ చూస్తున్నట్టుందని ఆమె సణిగేది.

ఒకరోజు ఆ మానిటర్ కాస్తా గీతలు గీతలుగా వణికి ఆరిపోయింది. ఇంకేముంది, ఈసారి వెడల్పాటిదే కొనాలని ముగ్గురూ ఆదివారం మధ్యాహ్నం దుకాణానికి బయల్దేరారు.

అమ్మే అమ్మాయి ఓపికస్తురాలు. ముప్పై నాలుగు అంగుళాల తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. సినిమా పెడితే అంచు నుంచి అంచు దాకా నిండిపోతుందని, నల్ల పట్టీలు రావని చెప్పింది. తెర కొంచెం లోపలికి వంగి ఉండటం వల్ల ఆటలోకి దిగి కూర్చున్నట్టే ఉంటుందంది. బొమ్మ సెకనుకు నూట నలభై నాలుగు సార్లు మారుతుంది కాబట్టి ఎంత వేగంగా పోయినా మసకబారదని కూడా చెప్పింది. బావమరిది ప్రతి మాటకీ తలాడించి, ఆమె చెప్పిందాన్నే మళ్లీ తన మాటల్లో బావకి చెప్పాడు.

రేసు మొదలైంది. మొదటి రెండు మలుపులూ నున్నగా తిరిగాడు. మూడో మలుపులో దభీమని పక్క కారుని గుద్దాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ గుద్దాడు. ప్రతిసారీ ఎడమ పక్కనే.

"ఏంటి బావా, బస్సనుకున్నావా, ఎదుటివాడే తప్పుకోవడానికి?" అని బావమరిది నవ్వాడు.

ఆయనా నవ్వాడు. తర్వాత అమ్మాయిని అడిగాడు. "ఈ ఆటలో దారి చూపించే పటం ఒకటి ఉండాలమ్మా. ఇందులో రావట్లేదేంటి?"

"వస్తోంది కదా సార్. అదిగో, ఎడమ మూలన."

తల తిప్పి చూశాడు. ఉంది. తెల్లటి గీతలు, మధ్యలో ఎర్ర చుక్క. చూపు మళ్లీ రోడ్డు మీదకి తెచ్చాడు. పటం లేదు. ఆ చోట నలుపు కమ్మలేదు, మసక కూడా లేదు. రోడ్డు పక్కనుండే గడ్డి అక్కడా ఉన్నట్టే అనిపించింది. పటం మాత్రం లేదు. మళ్లీ తిప్పాడు, ఉంది. ఎదురుగా చూశాడు, లేదు. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి వీపంతా చెమట పట్టింది.

"ఈ పీసులో ఏదో లోపం ఉన్నట్టుందమ్మా. ఇంకోటి చూపించు" అన్నాడు.

రెండోదాని ముందు కూర్చున్నాడు. మూడోదాని ముందు కూర్చున్నాడు. మూడోదాంట్లో సినిమా పెట్టించారు. వెనకాల నిలబడి చూస్తున్న భార్య ఆయన భుజం మీద చెయ్యేసి, ఆ ముసలామె కిటికీ పక్కన ఒక్కతే ఎలా నిలబడి ఉందో చూశారా, పాపం, అంది. ఆయనకి మధ్యలో కూర్చుని ఉత్తరం చదువుతున్న యువకుడు తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

"అవును, పాపం" అన్నాడు.

ఏదీ నచ్చలేదని చెప్పి లేచొచ్చేశాడు. మంచి తెర చేతిదాకా వచ్చి పోయిందని దారంతా భార్య మూతి ముడుచుకునే ఉంది. ఆయనకి అదేమీ చెవికెక్కలేదు. ఇంటికెళ్లి పడగ్గది తలుపు వేసుకుని, గోడకున్న మేకు మీద చూపు నిలిపి, ఎడమ చేతిని చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. చెయ్యి ముక్కుకు సూటిగా రాబోయే దాకా కనిపించలేదు. ఒక కన్ను మూసి చూశాడు. అది తెరిచి రెండోది మూసి చూశాడు. ఏడెనిమిదిసార్లు అలాగే చేశాడు. పోయిన నెలలో డిపో గేటు స్తంభానికి ఎడమ అద్దం తగిలింది. వాచ్‌మన్ గేటు సరిగా తెరవలేదని అప్పుడు అతని మీద కేకలేశాడు. అది గుర్తొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెబితే రేపు బండెక్కనివ్వదు. బండి మానేద్దామంటే తనకి ఇంకే పనీ రాదు. ఎండ వల్లో, అలసట వల్లో అయ్యుంటుంది, పడుకుని లేస్తే పోతుందేమో అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట తను నమ్మలేదని కూడా ఆయనే నాతో చెప్పాడు.

సోమవారం పొద్దున నేనెక్కేసరికి ఆయన మెడ అదోలా తిప్పుతున్నాడు. నాలుగు గజాలు పోతే చాలు, కోడి తిప్పినట్టు తల ఎడమకి తిప్పి చూసి, మళ్లీ ఎదురుగా చూస్తాడు. బస్సు నడిచేవాళ్లతో సమానంగా పోతోంది. తాబేలు ఇవాళ నత్త అయిందని వెనకనుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ముందు అద్దంలో ఆయన మొహం చూశాక నేను నవ్వడం ఆపేశాను. నీళ్లలో మునుగుతున్నవాడి మొహం అది.

గోడౌన్ల దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఆయన ఎడమకి చూశాడు, ఎదురుగా చూశాడు, స్టీరింగ్ తిప్పాడు. సరిగ్గా నా కిటికీ కింద సైకిల్ గంట గణగణ మోగింది. బ్రేకు పడింది. మేమందరం ముందు సీట్లకి కొట్టుకున్నాం. నేను కిందకి చూశాను. ఒకామె సైకిల్ మీంచి దూకి గోడకి అతుక్కుపోయి ఉంది. సైకిల్ ముందు చక్రం మా బస్సు చక్రం కింద చపాతీలా అయిపోయింది. ఆమెకి గీత కూడా పడలేదు.

ఆయన ఇంజిన్ ఆపాడు. తాళంచెవి తీశాడు. కిందకి దిగి ఆమెకు దణ్ణం పెట్టాడు. తర్వాత బస్సు మెట్టు మీద కూర్చుని డిపో మేనేజరుకి ఫోన్ చేశాడు. ఆ మాటలు మా అందరికీ వినిపించాయి.

"సార్, నాకు ఎడమ పక్క కనపడట్లేదు. నిన్ననే తెలిసింది. తెలిసీ బండి తీశాను. ఇంకో డ్రైవర్ని పంపండి."

వేరే డ్రైవరు వచ్చేదాకా ఆయన ఆ మెట్టు మీదే, రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చున్నాడు. ప్యాకింగ్ ఆడవాళ్లలో పెద్దామె వెళ్లి పక్కన కూర్చుంది.

మర్నాడు భార్య, బావమరిది కలిసి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ గడ్డం ఆనించి తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూడమన్నారు. మధ్యలో చుక్క మీదే చూపు ఉంచాలి. చుట్టూ ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు మీట నొక్కాలి. మొదట టకటకా నొక్కాడు. తర్వాత చాలాసేపు ఏమీ మెరవలేదు. మిషన్ లోపల మాత్రం టిక్కు టిక్కుమని చప్పుడవుతూనే ఉంది. అంటే వెలుగులు వస్తున్నాయి, తనకే కనిపించడం లేదు. భయమేసి కనిపించకపోయినా నొక్కడం మొదలుపెట్టాడు. పరీక్ష చేస్తున్నామె ఆపేసింది. వెలుగు రాకముందే నొక్కుతున్నారండీ, మళ్లీ మొదట్నుంచి చేద్దాం అని నెమ్మదిగా చెప్పింది. సిగ్గుతో ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందని, నొప్పి ఉండదని, కనిపించని చోటును మెదడే ఏదో ఒకటి వేసి పూడ్చేస్తుంది కాబట్టి రోగికి తెలియదని వివరించాడు. ఎడమ కంట్లో సగానికి పైగా, కుడి కంట్లో ముక్కు వైపు కొంత పోయింది.

"పోయింది తిరిగి రాదా డాక్టరుగారూ?" అని భార్య అడిగింది.

"రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకుందాం. కంట్లో వేసుకునే చుక్కలమందు ఒక్కపూట కూడా మానకూడదు. బండి మాత్రం ఇక వద్దు."

డిపోలో ఆయన్ని తీసెయ్యలేదు. పొద్దున బస్సులు కదిలే ముందు టైర్లు, బ్రేకులు, దీపాలు చూసే పని ఇచ్చారు. ఆ సోమవారం తెలిసీ బండి నడిపిన నాలుగు కిలోమీటర్ల సంగతి ఎవరూ ఎత్తకపోయినా ఆయనే ఎత్తేవాడు. ఆ సైకిలామె గంట కొట్టకపోయుంటే అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా ఆపేసేవాడు.

మానిటర్ ఊసే వద్దన్నాడు. భార్య వినలేదు. నెల తిరిగాక మళ్లీ అదే దుకాణానికి లాక్కెళ్లింది. ఈసారి ఆయన దాచలేదు. అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఒక్కో తెర ముందూ కుర్చీ వేసి, మౌస్ బాణాన్ని ఎడమ అంచు నుంచి మెల్లగా జరిపింది. ఆయన ఎదురుగా చూస్తూ ఎక్కడ కనిపిస్తే అక్కడ "ఆ" అన్నాడు. పెద్ద తెర మీద ఆ "ఆ" చాలా ఆలస్యంగా వచ్చింది. భార్య నిట్టూర్చడం ఆయనకి వినపడింది. ఆఖరికి వంపులేని ఇరవై నాలుగు అంగుళాల మామూలు తెర తీసుకున్నారు. కొంచెం దూరం జరిగి కూర్చుంటే అంచులు రెండూ చూపులో పడ్డాయి. బావమరిది ఆటలో ఏదో మార్చి పటాన్ని పైన మధ్యకి తెచ్చి పెట్టాడు. సినిమాకి నల్ల పట్టీలు వస్తూనే ఉన్నాయి. భార్య ఒక్కసారి కూడా సణగలేదు.

కానీ ఆయన ఆట ఆపి, ఒక కన్ను చేత్తో మూసుకుని, తెర అంచున ఉన్న బొమ్మలు లెక్కపెడుతూ దొరికిపోయేవాడు. నిన్న ఏడు కనిపించాయి, ఇవాళ ఆరే, అనేవాడు. ఆమె కుట్టుమిషన్ ఆపి వచ్చి ఆ చెయ్యి తీసేసేది.

ఆరు నెలలకోసారి ఆ తెల్లగిన్నె పరీక్ష. ఈమధ్యే మూడోది అయింది, ఏమీ మారలేదన్నారు. ఆ మాట విని కూడా ఆయన బెంచీ మీంచి వెంటనే లేవలేకపోయాడట. పరీక్షకి నెల రోజుల ముందు నుంచీ అన్నం సరిగా తినలేదని భార్య చెప్పింది. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చారు. ఆయన దాన్ని చదవకుండా మడిచి ఆమె చేతికిచ్చాడు.