ఆ కొండ పేరు చెప్పలేదు

2022 ఆగస్టు. ఆడికృత్తిక పండగ రద్దీ తగ్గి తిరుత్తణి వీధులు ఊపిరి పీల్చుకుంటున్న వారం. రైల్వే స్టేషన్ దగ్గర నాది చిన్న ట్రావెల్ ఆఫీసు. కొండకు వచ్చే భక్తులకు బండ్లు కుదర్చడం, ఊళ్లోవాళ్లకు కాశీ, ఊటీ టూర్లు వేయడం నా పని. దేవుడి పేరు మీద బతికే నాస్తికురాలినని ఊరు నన్ను ఎగతాళి చేస్తుంది. మనుషుల్ని రైలెక్కించడానికి భక్తి అక్కర్లేదు, టైము తెలిస్తే చాలునని నా జవాబు.

ఆ వారమే హేమ, స్టీఫెన్ వచ్చారు. హేమది ఇక్కడే పాత్రల అంగడి కుటుంబం. స్టీఫెన్ తిరువళ్లూరు దగ్గర ఫ్యాక్టరీలో ఫిట్టర్. కులం వేరు, మతం వేరు. రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. మతాలు కలవని జంట పెళ్లికి ముందు తమ పేర్లు, చిరునామాలు నోటీసు బోర్డుకు ఎక్కించుకోవాలి. కత్తి నూరుకునేవాడికి సర్కారే అడ్రసు అందించే ఏర్పాటు అది. హేమ ఇంట్లో అట్లాగే తెలిసింది.

"ఇంత పెద్ద దేశంలో మావాళ్లు లేని చోటు ఒకటి చెప్పక్కా," అంది హేమ.

"పారిపోతా ఉండామని అనుకోవద్దక్కా," అన్నాడు స్టీఫెన్. "టూర్ పోతా ఉండాము. అందరి మాదిరే."

భాషలెన్నో, వేషాలెన్నో అని మనం గొప్పలు చెప్పుకునే దేశంలో ఒక్కొక్క ఊరే కొట్టేస్తూ వచ్చాను. ఊటీలో హేమ బాబాయి స్నేహితుడి లాడ్జి. బెంగళూరు నిండా చుట్టాలు. గోవాలో నేను గదులు బుక్ చేసే హోటల్లో వంటవాడు మన ఊరివాడే. చివరికి మున్నార్ తేల్చాను. వానలు, ఆఫ్ సీజన్, మన వైపు నుంచి ఎవరూ పోరు. అక్కడి గ్రౌండ్ హ్యాండ్లర్‌కు, అంటే మనం పంపినవాళ్లను అక్కడ చూసుకునే ఏజెంటుకు, వీళ్ల పేర్లు బయటికి రాకూడదని గట్టిగా చెప్పాను.

అతను పేర్లు పెట్టలేదు. ఫొటో పెట్టాడు. వచ్చిన ప్రతి జంటనూ కొండ ముందు నిలబెట్టి ఫొటో తీసి, పంపిన ఏజెంటుకు థాంక్స్ చెబుతూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు.

ఫోన్లు మారి మారి తన దాకా వచ్చిన ఆ ఫొటో పట్టుకుని హేమ మేనమామ రత్నం నా ఆఫీసుకు వచ్చాడు. ఏటా కాశీ టికెట్లు నా దగ్గరే వేయించుకునే పెద్దమనిషి. బయట కారులో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇంజన్ ఆపలేదు.

"ఏమ్మా, బాగుండావా?" ఫోన్ నా ముందు పెట్టాడు. వెనక తేయాకు కొండ, ముందు వాళ్లిద్దరూ నవ్వుతున్నారు. కింద నా ఆఫీసు పేరు ఉంది. చోటు పేరు లేదు. "ఇది యాడ? కోపమంతా పోయిందిలే. మేమే పోయి, ఒక కేకు కట్ చేయించి, పిల్చుకోనొస్తాము."

ఫొటో మూలన ఒక టీ అంగడి బోర్డు సగం కనిపిస్తోంది. మలయాళం. శబరిమలకు ఒక్కసారి పోయొచ్చినవాడెవడైనా పోల్చుకుంటాడు. ఫోన్ అతని వైపు జరిపాను.

"డార్జిలింగ్ అన్నా."

"అంత దూరమా! సరి, అదే ప్యాకేజీ మాకూ వెయ్యి. ముగ్గురికి."

"అది హనీమూన్ ప్యాకేజీ అన్నా. మొగోళ్లు ముగ్గురికా?"

ఎట్లా నవ్వానో నాకే తెలియదు. అతనూ నవ్వాడు. "పూలపక్క వొద్దులేమ్మా. వాళ్ల రూము పక్కన మాకొక రూము ఉంటే చాలు."

వాళ్లనూ ఒక మాట అడిగొస్తానని అతను కారు దగ్గరికి పోయాడు. మూడు తలలు ఫోన్ మీద వంగాయి. ఒకడు తెర మీద వేళ్లతో ఫొటో మూలను పెద్దది చేశాడు. తర్వాత కారు కదిలిపోయింది. నాకు చెప్పలేదు.

స్టీఫెన్ ఫోన్ అందలేదు. ఏజెంటును పట్టుకుని స్టేటస్‌లోంచి ఆ ఫొటో తీసేయించాను. వాళ్లు జలపాతం దగ్గరున్నారని చెప్పాడు. మళ్లీ మళ్లీ చేశాను. ఆఖరికి స్టీఫెన్ ఎత్తాడు, వెనక నీళ్ల హోరు. "అక్కా, నిలువునా తడిసిపోయినాము!" అని కేకలు. విషయం చెప్పాను. హేమ ఫోన్ తీసుకుంది.

"మామ నవ్వినాడా అక్కా?"

"నవ్వినాడు."

"అట్లయితే ఇప్పుడే బయల్దేరతాము."

మరునాడు ఒక్కొక్క హోటలే అడుగుతూ వచ్చిన తమిళనాడు కారు వాళ్లు దిగిన హోటల్ ముందు ఆగిందనీ, ముగ్గురు మర్యాదగా వాకబు చేసి పోయారనీ ఏజెంటు చెప్పాడు. అప్పటికి ఆ గది ఖాళీ. తర్వాత హేమ, స్టీఫెన్ ఒక లాయరమ్మ సాయంతో కోర్టుకు పోయి రక్షణ తెచ్చుకున్నారు. ఇప్పుడెక్కడున్నారో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

భయం అజ్ఞానం నుంచి పుడుతుందని నాస్తిక సభల్లో ఎన్నిసార్లు చెప్పానో. దయ్యాల విషయంలో ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ ఆ జంట బతికింది హేమకు ఒక నవ్వును చూసి భయపడటం తెలుసు కాబట్టి. ఆ నవ్వును ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును. అప్పటి నుంచి నా దగ్గర టూరుకు పోయినవాళ్ల ఫొటో ఎక్కడా కనిపించదు. ఎక్కడ దిగారని ఎవరడిగినా నేను చెప్పను. "కన్నతల్లిని, నాక్కూడా చెప్పవా?" అని మొన్న ఒకావిడ గొడవ పెట్టుకుంది. ఆమె తప్పేమీ ఉండకపోవచ్చు. అయినా చెప్పలేదు.