మిల్లు రేవు దగ్గర జానెడు లోతు

టానోక్ వాగు నీటిని పంతొమ్మిదేళ్లపాటు కొలిచిన మనిషి డెల్మర్ ఫెరిస్. మా అమ్మకు పినతల్లి కొడుకు, నాకు మామయ్య. అంతకుముందు ఆ వాగు ఒడ్డునే కలప మిల్లులో దుంగలు దొర్లించేవారు. మిల్లు మూతపడ్డాక మా తెగ చేపల శాఖలో చేరారు. ఉద్యోగం ఎలా వచ్చిందని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒకటే: "చన్నీళ్లలో గంటసేపు నోరు మూసుకుని నిలబడగలవా అన్నారు. పెళ్లయి పదేళ్లయిందండీ, అలవాటే అన్నాను."

ఆయన పని వినడానికి సులువు. ఒడ్డు నుంచి ఒడ్డుకు టేపు కట్టి, అడుగడుక్కీ ఆగి, గీతల కర్రతో లోతు చూడాలి. కర్రకు తగిలించిన చిన్న గిన్నెల చక్రం నీటి వడికి తిరుగుతూ చెవిలో టిక్కుటిక్కుమంటుంది. నలభై సెకన్లలో ఎన్ని టిక్కులో లెక్కపెట్టాలి. వెడల్పు, లోతు, వేగం హెచ్చిస్తే ప్రవాహం క్యూసెక్కుల్లో తేలుతుంది. అయితే ఈ లెక్క నీటికోసం కాదు, చేపకోసం. నీరు గులకరాళ్ల మీద పలచగా పరుచుకునే చోటును మేము రేవు అంటాం. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి తిరిగివచ్చే స్టీల్‌హెడ్ చేప రేవు దాటాలంటే జానెడు లోతు కావాలి. సాల్మన్‌కు మరికాస్త ఎక్కువ. ఆ లోతు రేవు వెడల్పులో కనీసం నాలుగోవంతు మేర ఉండాలి. వేర్వేరు ప్రవాహాల దగ్గర కొలిచి గ్రాఫు మీద గీత గీస్తే, ఎన్ని క్యూసెక్కులకు దారి తెరుచుకుంటుందో తెలుస్తుంది. వాగులో అంత నీరు వదిలి తీరాలని ప్రభుత్వాన్ని అడగడానికి మాకున్న ఆధారం ఆ గీత ఒక్కటే.

నేను న్యాయశాస్త్రం ముగించుకుని తెగ కార్యాలయంలో చేరిన ఏడాదే ప్రభుత్వ జలమండలిలో ఈ వాగు మీద విచారణ మొదలైంది. ఎగువన కాలువ కంపెనీ వాగు నీటిని పశువుల గడ్డిచేలకు మళ్లిస్తుంది. వారు వదలవలసిన కనీస ప్రవాహం ఎంతన్నదే ప్రశ్న. వాగులో అన్నిటికన్నా పలచనిది మిల్లు రేవు. అక్కడ దారి దొరికితే పైన అంతటా దొరికినట్టే. ఆ రేవు దగ్గర మామయ్య తీసిన కొలతలను కంప్యూటరుకు ఎక్కిస్తే వచ్చిన సంఖ్య పద్నాలుగు. అవతలి న్యాయవాది దానిని చూసి లేచి నిలబడి, తెగవారి లెక్క తమకూ సమ్మతమేనన్నాడు.

పద్నాలుగు క్యూసెక్కులప్పుడు మిల్లు రేవు దగ్గర చేపలు వీపులు ఎండబెట్టుకుంటాయని మా ఊళ్లో పసివాళ్లకు కూడా తెలుసు. ఆ సాయంత్రమే మామయ్య ఇంటికి వెళ్లాను. పెరట్లో పొగగదిలో సాల్మన్ ముక్కలు వేలాడదీస్తున్నారు.

"మామయ్యా, పద్నాలుగు ఎలా వచ్చింది?"

"నన్నడుగుతావేం లాయరమ్మా? నేను లోతు చూస్తా, టిక్కులు లెక్కపెడతా. గీతలు గీసేది ఆ ఏసీ గదిలో పిల్లోడు."

"కొలత ఎక్కడైనా తప్పిందేమో?"

ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "పంతొమ్మిదేళ్లలో ఒక్క కొలత తప్పెయ్యలేదు నేను. కావాలంటే పుస్తకాలు పట్టుకుపో. పోయేటప్పుడు ఇవి కూడా నాలుగు పట్టుకుపో. ఎండు కొమ్మలా అయిపోయావ్. కోర్టులో అన్నం పెట్టరా?"

పుస్తకాలు తెచ్చాను. తడిసి ఆరి ఉబ్బిన కాగితాల మీద పెన్సిల్ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. కార్యాలయంలో ఎవరో అంకెలను మాత్రమే కంప్యూటరుకు ఎక్కించారు. చివర ఇరుకుగా ఉన్న 'ఇతర విషయాలు' అన్న గడిని ఎవరూ చదవలేదు. మిల్లు రేవు కొలిచిన ప్రతి పేజీలోనూ ఆ గడిలో ఆయన నిజాయితీగా రాసుకున్న వాక్యం ఉంది: "రాళ్లు తీశాను. ఆరు వెళ్లాయి." మరో పేజీలో: "రాళ్లు తీశాను. నాలుగు వెళ్లాయి. ఒకటి పెద్దది."

తప్పు ఏమిటో నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆ పని చేస్తూనే పెరిగాను. ఆగిపోయిన చేపను దాటి ముందుకు పోకూడదన్నది మా ఇళ్లలో అడుగులు నేర్వకముందే నేర్పే మాట. వాగు దాటుతూ రేవు దిగువన చేప ఆగి ఉండటం చూస్తే, ఏ పని మీద వెళ్తున్నా సరే, వంగి నాలుగు రాళ్లు పక్కకు జరిపి దారి చేస్తాం. ఇంట్లో అడుగుపెట్టే ముందు కాళ్లు తుడుచుకున్నామని ఎవరు ఎవరికి చెప్పుకుంటారు? మామయ్య ముందు రాళ్లు తీసి రెండు బారల వెడల్పు గాడి చేసేవారు. చేపలు వెళ్లేవి. తర్వాత టేపు కట్టేవారు. పరుచుకోవలసిన నీరంతా గాడిలోకి చేరి, పద్నాలుగుకే జానెడు లోతు చూపించేది. కర్ర అబద్ధం చెప్పలేదు. అది కొలిచింది వాగును కాదు, మామయ్య చేతులు చేసిన దారిని.

మర్నాడు ఆ పేజీలు ముందు పెట్టి చెప్పాను. ఆయన చాలాసేపు చదివారు, తన రాతే తనకు కొత్తయినట్టు.

"అయితే... నేను దారి చేసిన కొద్దీ ఆ కాలువ వాళ్లకి నీళ్లు ఎక్కువొచ్చాయన్నమాట."

"మీ తప్పు కాదు మామయ్యా."

"ఎవరిదే మరి? చేపదా?" పుస్తకం మూశారు. "ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ప్రమాణం చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ సంఖ్య పోతుంది. మళ్లీ కొలవడానికి ఆదేశం అడుగుతాను."

"చెప్తే చాలా?"

చాలునన్నాను. సత్యం ఒకసారి రికార్డుకెక్కితే మిగతాది చట్టమే చూసుకుంటుందని నిజంగానే నమ్మాను.

విచారణ రోజున మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నేను అడిగినవాటికి బాగానే చెప్పారు. తర్వాత కాలువ కంపెనీ న్యాయవాది ఎంతో మర్యాదగా లేచాడు.

"ఫెరిస్ గారూ, ఇలా రాళ్లు తీయడం ఎప్పట్నుంచి అలవాటండీ?"

"ఊహ తెలిసిన దగ్గర్నుంచి."

"మిల్లు రేవు దగ్గరేనా?"

"చేప ఆగిన ప్రతిచోటా."

"అయితే ఈ పంతొమ్మిదేళ్లలో మీరు చెయ్యి పెట్టకుండా కొలిచిన రేవు ఒక్కటైనా ఉందాండీ?"

మామయ్య నావైపు చూశారు. అభ్యంతరం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ప్రశ్న సరైనదే. "చేప లేని రోజున ఉండొచ్చు," అన్నారాయన. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

విచారణాధికారి నిజాయితీగల మనిషి. అందుకే మాకు మరింత నష్టం జరిగింది. మిల్లు రేవు కొలతలతోపాటు ఆ వాగు మీద మామయ్య తీసిన పంతొమ్మిదేళ్ల కొలతలన్నిటినీ రికార్డు నుంచి తొలగించాడు. నేను కోరినట్టే తిరిగి కొలవమని ఆదేశించాడు: శరదృతువులో, మూడు వేర్వేరు ప్రవాహాల దగ్గర, మూడూ ముగిసేదాకా వాగు అడుగును ఎవరూ ఏ విధంగానూ కదపకుండా. ఆ షరతు వాక్యం నా దరఖాస్తులోదే. అక్షరం మార్చకుండా వాడుకున్నాడు. అప్పటిదాకా వాగులో ఇంత నీరు ఉండాలన్న నిబంధన ఏదీ ఉండదు.

కొలిచే మనిషిని మార్చమని కాలువ కంపెనీ అడగలేదు. ఇక ఆయన చెయ్యి పెట్టరని వారికి మాకంటే బాగా తెలుసు.

అక్టోబరు మొదటివారంలో తొలి కొలతకు మిల్లు రేవు చేరాం. వాగులో తొమ్మిది క్యూసెక్కులకు మించి లేదు. ఐలీన్ అమ్మమ్మ, అంటే మామయ్యకు పెద్దమ్మ, మడత కుర్చీ తెచ్చుకుని ముందే ఒడ్డున కూర్చుంది. ఎనభై మూడేళ్లు. రేవు దిగువన మడుగులో ఏడు చేపలు ఆగి ఉన్నాయి, రెండు సాల్మన్, ఐదు స్టీల్‌హెడ్. తలలన్నీ ఎగువకే. అప్పుడప్పుడు ఒకటి ఉరికి, రాళ్ల మీద పొట్ట రాసుకుంటూ సగం దూరం వచ్చి, వెనక్కి జారిపోతోంది.

మామయ్య మడుగును దూరంగా చుట్టి వచ్చి టేపు కట్టడం మొదలుపెట్టారు.

"ఒరేయ్ డెల్మర్! కళ్లు పోయాయేంట్రా?"

"కనిపిస్తున్నాయి పెద్దమ్మా."

"కనిపిస్తుంటే ఆ తాడుతో ఆటలేంట్రా? ముందు దారి చెయ్యి."

"చెయ్యకూడదు. ఆర్డరు."

"ఎవడిచ్చాడు ఆర్డరు? చేపేమైనా సంతకం పెట్టిందా?"

ఆయన నావైపు చూడలేదు. అమ్మమ్మ మాత్రం చూసింది. "నువ్వేనా? నీకు చదువు చెప్పించింది ఇందుకా?"

"అమ్మమ్మా, ఈ ఒక్కసారి ఓర్చుకుంటే ఏటా నీళ్లొస్తాయి."

"ఏటా సంగతి ఏటా చూద్దాం. ఈ పెద్ద చేపకి చెప్పు ఆ మాట, వింటుందేమో."

చేతికర్ర ఊతంగా లేచి, చెప్పులు ఒడ్డున విడిచి, ఆమె నీటిలోకి దిగింది. మామయ్య గబగబా వచ్చి ఆమె మోచేతిని పట్టుకున్నారు. మా ఇళ్లలో పెద్దవాళ్ల చేతిని ఊతమివ్వడానికే పట్టుకుంటారు. ఆపడానికి పట్టుకోవడం నేను మొదటిసారి చూశాను. ఆమె కూడా మొదటిసారే చూసి ఉంటుంది. అరవలేదు, విదిలించుకోలేదు, ఆ చేతిని మాత్రం చూస్తూ నిలబడింది.

"మీ అమ్మమ్మ ఉంటే నిన్నేమనేదిరా," అంది నెమ్మదిగా.

"తెలుసు పెద్దమ్మా. రా, కూర్చో."

కూర్చోబెట్టి, చెప్పులు తొడిగి, మళ్లీ వాగులోకి దిగారు. ఇరవై మూడు చోట్ల ఆగి కొలిచారు. ఎక్కడా నాలుగు వేళ్ల లోతుకు మించలేదు. ఒక చోట టిక్కులు లెక్కపెడుతుండగా పెద్ద సాల్మన్ ఉరికి, ఆయన బూటుకు అడుగు దూరంలో రాళ్లమధ్య ఇరుక్కుంది. తోక కొట్టుకోవడం ఒడ్డుకు వినిపించింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఖాళీగా ఉన్న ఎడమ చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నారు. చేప తనంతట తాను పక్కకు వాలి, మడుగులోకి జారిపోయింది.

ఎగువన గేటు ఎప్పుడు ఎంత తెరవాలో కంపెనీ ఇష్టం; రెండో కొలతకు వారిచ్చిన తేదీ తొమ్మిది రోజుల తర్వాత. ఆ మడుగు నీళ్లు అన్ని రోజులు చల్లగా ఉండవని, వేడెక్కితే ఆ చేపలు బతకవని ముగ్గురికీ తెలుసు. ఈసారి సరైన సంఖ్య వస్తుందన్నది కూడా నాకు తెలుసు.

మామయ్య టేపు చుట్టి, ఒడ్డున కూర్చుని పుస్తకం తెరిచారు. అంకెలన్నీ సరిచూసుకుని, చివరి గడిలో రాసి, సాక్షి సంతకానికి నాకు అందించారు.

"రాళ్లు తీయలేదు. ఏడు ఆగాయి."

కింద సంతకం పెట్టాను. అమ్మమ్మ కుర్చీని మడిచి మామయ్య తీసుకోబోతే, ఆమె ఇవ్వలేదు. తానే చంకలో పెట్టుకుని, మా ఇద్దరికంటే ముందు నడిచింది.