పైన చూపించిన చుక్క

ఆరేళ్లుగా ఒక మాట దాచుకుని బతుకుతున్నాను. అది నా నిద్ర చెడగొట్టిందని చెబితే మీకు నచ్చుతుంది. చెడగొట్టలేదు. హాయిగానే తిన్నాను, తిరిగాను. బరువేమిటంటే అదే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను, ఆ హక్కు మీకు లేదు.

షాపుల్లో వైఫై పెట్టెలు బిగించడం నా పని. నంద్యాలలో ఒక బట్టల షాపు ఓనరు, జనం ఏ కౌంటరు దగ్గర ఎక్కువసేపు నిలబడతాండారో తెలియాలన్నాడు. అదేం పెద్ద విద్య కాదు. జేబులో ఫోనుంటే చాలు, దాని సిగ్నల్ ఏ పెట్టెకు గట్టిగా అందుతోందో చూసి, మనిషి ఉన్నచోట షాపు పటం మీద ఒక చుక్క పడుతుంది. కింద రెండు, పైన స్టాకు గదిలో ఒకటి, మొత్తం మూడు పెట్టెలు కావాలన్నాను. రెండింటితో సరిపెట్టమన్నాడు. వాకిలి దగ్గర ఒకటి, స్టాకు గదిలో ఒకటి పెట్టి ఊరుకున్నాను. చీరల సెక్షను షాపు చివర, సరిగ్గా స్టాకు గది కింద ఉంది. అక్కడి ఫోనుకు వాకిలి పెట్టె దూరం, నెత్తి మీది పెట్టె దగ్గర. అంటే కింద ఉన్న మనిషిని పైన ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది. అది నాకు మొదటి రోజే తోచింది. ఎవరికి నష్టంలే అనుకున్నాను.

తర్వాత ఓనరు పనివాళ్ల పేర్లు కూడా చుక్కల పక్కన రావాలన్నాడు. పది నిమిషాల పని, చేసిపెట్టాను. వాళ్లకేమో షాపులో వైఫై ఫ్రీ అని చెప్పాం. అందరూ సంతోషంగా కలుపుకున్నారు. జుబేదా అయితే నాకు టీ కూడా తెప్పించింది.

జుబేదా చీరల సెక్షనులో నాలుగేళ్లుగా పని చేస్తోంది. పరుపు మీద కూర్చుని ముప్పై చీరలు విప్పి చూపించినా ముఖం చిట్లించదు. అది రంజాన్, రోజాల నెల. మిగతా ఆడవాళ్లు ఒంటిగంటకు అన్నాలకు పోతే, నేను ఉపవాసమే గదా, మీరు నిమ్మళంగా తినిరాండి అని తనొక్కతే సెక్షను చూసుకునేది. ఆ ఎండపొద్దు కొనేవాళ్లెవరూ రారు. అదే టైములో స్టాకు చూసే ఓబులేసు పైన కునుకు తీసేవాడు. ఓనరు ఒకరోజు పటం తెరిచి చూశాడు. స్టాకు గదిలో రెండు చుక్కలు పక్కపక్కన. వెనక్కి తిప్పి చూస్తే రోజూ అంతే.

నన్ను పిలిపించాడు. ఆమెను ఓనరు గదిలోకి పిలవడానికి ముందు, నేను ఫోను పట్టుకుని చీరల పరుపు దగ్గర నిలబడ్డాను. నా చుక్క స్టాకు గదిలో పడింది. ఇంకోసారి చూశాను. అక్కడే. నాకు అనుమానం కాదు, రుజువే దొరికింది. మరెందుకు నోరు తెరవలేదు? ఓనరు ఆళ్లగడ్డలో ఇంకో షాపు తెరవబోతున్నాడు, ఆ పని నాకే ఇస్తానన్నాడు. పెట్టెలు తప్పు చూపిస్తాండాయని ఆ నిమిషంలో చెప్పడానికి నాకు మనసు రాలేదు. భయం అని పేరు పెట్టొచ్చు. భయం కాదు, కక్కుర్తి.

జుబేదా పటం చూసింది. ఓనరును కాదు, నన్నే అడిగింది.

"అన్నా, నేను పైకి పోలేదని నీకు తెల్సు గదా. చెప్పు."

"నాదేముందమ్మా. సిస్టమ్ అట్ల చూపిస్తాంది."

"సిస్టమ్ కాదన్నా, నువ్వు చెప్పు."

నేను స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. బుర్ఖా సర్దుకుని ముందు వాకిలి నుంచే బయటికి నడిచింది. ఓబులేసును నాలుగు తిట్లు తిట్టి పనిలోనే ఉంచారు. స్టాకు తెలిసినవాడు కావాలి కదా. ఆమె మొగుడు ఆ మాట నమ్మలేదట, వీధి నమ్మింది. రెండు నెలలకు ఇద్దరూ చాగలమర్రి వెళ్లిపోయారు.

ఆళ్లగడ్డ షాపులో నేను మూడు పెట్టెలు పెట్టాను. ఓనరు అడగలేదు. మూడోది నా చేతి డబ్బుతో కొని, కింద చీరల సెక్షనులోనే బిగించాను. ఇది చదివాక కూడా యంత్రం పొరపాటు అని ఎవరైనా నన్ను ఓదార్చబోతే, దయచేసి ఆపండి. యంత్రం తనకు తెలిసింది చూపించింది. తెలిసీ చెప్పనివాణ్ని నేను.

ఈ పని మానేశానా? లేదు. రేపు కూడా ఒక షాపులో పెట్టెలు బిగించాలి. మారిపోయిన మనిషిలా మీ ముందు నటించను. ఈ కాగితం నకలు ఓనరుకు పంపుతున్నాను, ఆయన షాపుల పని ఇక పోతే పోనీ. ఇంకొకటి చాగలమర్రికి. ఆమె చదవకుండా పొయ్యిలో పెట్టినా నేను అడగను.

రోజాల నెలలో, మధ్యాహ్నం ఒంటిగంటకు, జుబేదా కింద చీరల పరుపు మీదే ఉండింది. పైకి పోలేదు.

ఇంతే. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు.