కవర్ల వదిన ప్రెషర్ మిషను

మా వదిన ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. టీవీ రిమోట్‌కి కవరు, ఫ్రిజ్ పిడికి కవరు, మిక్సీకి కవరు, ఆ మిక్సీ కవరు మాసిపోకుండా దాని మీద ఇంకో కవరు. హాల్లో పెళ్ళప్పుడు కొన్న సోఫా ఉంది. దాని మీద బూడిదరంగు గుడ్డ కవరు, ఆ పైన ప్లాస్టిక్ కవరు. కూర్చుంటే కరకరలాడుతుంది, లేవబోతే అంటుకుని వదలదు. “ఈ ఇంట్లో కవరు లేకుండా తిరుగుతున్నది నేనొక్కణ్ణే” అని మా అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. కుట్టుమిషను ఆవిడ చేతిలో ఉంది కాబట్టి, ఆ ధీమా ఎన్నాళ్ళో నేను చెప్పలేను.

ఆవిడ చేసే పని కూడా ఆవిడకు తగ్గదే. పెట్రోలు ఇంజనుతో నడుస్తూ నీళ్ళను జోరుగా చిమ్మే ప్రెషర్ మిషను పెట్టుకుని గోడలూ, వాకిళ్ళూ, బళ్ళూ కడుగుతుంది. తుపాకీలాంటి గొట్టం పట్టుకుని మీట నొక్కిందంటే ఏళ్ళనాటి పాచి కూడా పెచ్చులుగా లేచిపోవాల్సిందే. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా తొడుగులు, నెత్తిన ప్లాస్టిక్ టోపీతో ఆవిడ వస్తుంటే వీధి కుక్కలు కూడా దారి తప్పుకుంటాయి. మురికితో ఆవిడకు సొంత పగ ఉంది.

నేను ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతాను. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. నిజమే, ఇంజన్ల మీద చూపించే ఓపిక మనుషుల మీద చూపించలేను. వదిన ఆ మిషను కొన్నరోజే గట్టిగా చెప్పాను. “వదినా, ఒక్క మాట గుర్తుపెట్టుకో. పెట్రోల్లో నీళ్ళ చుక్క పడిందా, ఇక ఆ ఇంజను మీద ఆశ వదులుకోవడమే.” ఆవిడ బుద్ధిగా తలూపింది. నా మాట వినేవాళ్ళే తక్కువ, అందుకని చాలా సంతోషించాను.

ఈమధ్య బస్సుల షెడ్డు వాళ్ళు స్కూలు బస్సులు కడిగే పని ఇస్తామన్నారు. దొరికితే ఏడాది పొడుగునా ఉండే పని. ఎండలో మిషను ఈడ్చుకుంటూ ఇంటింటికీ వెళ్ళి “గోడ కడిగించుకుంటారా అండీ” అని అడగక్కర్లేదు. వదిన ఎంత ఆశపడిందంటే బూట్లకు కూడా కొత్త కవర్లు కుట్టుకుంది. ముందు కొన్ని రోజులు కడిగి చూపించమన్నారు. సరిగ్గా అక్కడే మిషను మొండికేసింది. బస్సు సగం కడిగేసరికి ఇంజను దగ్గి, గుక్కపట్టి, ఆగిపోయేది. స్టార్టు చేసే తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిచేది. ఇంకో సగం కాకుండానే మళ్ళీ అదే వేషం.

మిషను నా దగ్గరికి తెచ్చినప్పుడల్లా వదిన ముందు దాని ఒంటి మీది కవర్లన్నీ విప్పి సంచిలో పెట్టుకునేది. “నీ చేతి గ్రీజు అంటితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు నాయనా” అనేది. ఆ తర్వాతే నన్ను ముట్టుకోనిచ్చేది. నేను పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. ప్లగ్గు మార్చాను. గాలి ఫిల్టరు కడిగి ఆరబెట్టాను. ఆయిలు తగ్గితే ఇంజను తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, అదీ చూశాను, ఆయిలు నిండుగానే ఉంది. కార్బురేటరు విప్పి సన్నటి తీగతో బెజ్జాలన్నీ శుభ్రం చేశాను. తాడు లాగితే చాలు, నా షెడ్డులో అది ఆగమన్నా ఆగేది కాదు.

“చూడు, ఎలా నడుస్తోందో. లోపం మిషనులో లేదు వదినా, వాడే మనిషిలో ఉంది.”

“నీ దగ్గర నడవక ఏం చేస్తుంది మరిదిగారూ? నీ మొహం చూస్తే ఎవరైనా పరిగెడతారు.”

అలా ఒకళ్ళనొకళ్ళం ఆడిపోసుకుంటూ గడిపాం. చివరికి ఒకరోజు వదిన మిషను లేకుండా వచ్చింది. స్టూలు మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగకుండా గ్లాసు తిప్పుతూ ఉంది.

“రేపే ఆఖరు అన్నాడు మేనేజరు. రేపు కూడా ఆగితే వేరేవాళ్ళని పెట్టుకుంటాడట. పిల్లలెక్కే బస్సులు సగం కడిగి వదిలేస్తే ఎలాగమ్మా అంటున్నాడు. ఆయన తప్పేముంది?” అంది. కళ్ళనిండా నీళ్ళు. వదిన కన్నీళ్ళు పెట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

“రేపు నేనూ వస్తాను,” అన్నాను.

మర్నాడు వెళ్ళేసరికి మేనేజరు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మిషను పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంది. పిడికి కవరు, చక్రాలకు కవర్లు. నవ్వు ఆపుకుంటూ తాడు లాగాను. వదిన ముందు అద్దం కడిగింది, ఒక పక్కంతా కడిగింది, బస్సు వెనక వైపుకి తిరిగింది. ఇంజను దగ్గింది, గుక్కపట్టింది, ఆగింది.

మేనేజరు గట్టిగా నిట్టూర్చాడు. నేను పరిగెత్తి పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత కోసం తడిమాను. మూత కనపడలేదు. దాని చోట పూలపూల రెయిన్‌కోటు గుడ్డతో కుట్టిన టోపీ ఉంది. మెడ దగ్గర సైకిలు ట్యూబు ముక్కతో చీమ కూడా దూరకుండా బిగించి ఉంది.

“ఇదేంటి వదినా?”

“మూత కవరు. నీళ్ళ చుక్క పడకూడదని నువ్వేగా చెప్పావు!”

ట్యూబు ఊడబెరికి మూత తిప్పాను. మునిగిపోయినవాడు పైకి తేలి గాలి పీల్చుకున్నట్టు ట్యాంకు ‘హుస్స్’ మంది. నాకు అంతా అర్థమైపోయింది. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే, దిగినంత మేరా పైనుంచి గాలి లోపలికి పోవాలి. అందుకోసం మూతలో సన్నటి బెజ్జం ఉంటుంది. వదిన ఆ బెజ్జాన్ని బిగించి కట్టేసింది. కాసేపు ఆపితే ఏ సందులోంచో కాస్త గాలి చేరి మళ్ళీ నడిచేది. నా చేతికి ఇచ్చేముందు మిగతా కవర్లతోపాటు దీన్నీ శుభ్రంగా విప్పేసేది.

“వదినా, దీనికి ఊపిరాడట్లేదే!”

“అయ్యో, నేనే దాని గొంతు నొక్కానా?” అని వదిన తడి చేతులతోనే నోరు మూసుకుంది.

“కబుర్లు తర్వాత. ముందు గొట్టం పట్టుకో,” అన్నాను.

కవరు నా జేబులో కుక్కుకుని తాడు లాగాను. ఒక్క లాగుకే అందుకుంది. వదిన ఆ బస్సు పూర్తిచేసి, పక్క బస్సూ, దాని పక్క బస్సూ కడిగేసింది. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. మేనేజరు లేచి వెళ్ళి చక్రాల సందుల్లో వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు.

“రేపటి నుంచి వచ్చెయ్యండమ్మా,” అన్నాడు.

“వస్తాను సార్. ఎలాగూ లేచారు కదా, ఆ కుర్చీ కూడా కడిగేస్తాను,” అంది వదిన. అందరం పగలబడి నవ్వాం. ఆవిడ మాత్రం నిజంగానే కడిగింది.

మిషను ఇంటికి చేర్చడానికి నేనూ వెంట వెళ్ళాను. హాల్లోకి రాగానే వదిన సోఫా ముందు ఆగి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ప్లాస్టిక్ కవరు కర్రుమని లాగేసింది. తర్వాత బూడిదరంగు గుడ్డ జిప్పు తీసింది. లోపల చిలకాకుపచ్చ రంగు, ఎక్కడా ఒక్క మరక లేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఉన్నది బూడిదరంగు సోఫా అనుకుంటున్నాం మేం. దాని మీద మెల్లగా కూర్చుని, అరచేత్తో నిమిరి, “పాపం, దీనికీ ఊపిరాడాలి కదా” అంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. నేనూ కూర్చోబోతే మాత్రం గ్రీజు ప్యాంటు చూపించి స్టూలు తెచ్చి వేసింది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. సోఫా వంకా, వదిన వంకా మార్చి మార్చి చూశాడు.

“ఎప్పుడు కొన్నావు ఈ సోఫా?”

“మన పెళ్ళప్పుడు,” అంది వదిన. “కాళ్ళు కడుక్కొచ్చి కూర్చో.”