వారానికి ఏడు శనివారాలు

శేషగిరి అన్నం మానేశాడన్న సంగతి అమెరికాలోని బెంటన్‌విల్ తెలుగువాళ్లలో తెలియనివాడు లేడు. అతనే చెప్పుకున్నాడు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో చెప్పాడు, కార్‌పూల్‌లో చెప్పాడు, ఆఫీసులో ఏమీ అడగని అమెరికన్ మేనేజర్‌కి కూడా చెప్పాడు. అందులో సగం గొప్ప, సగం భయం. అన్న రాధాకృష్ణకు షుగర్ వల్ల ఒక కన్ను పోయింది. ఇప్పుడు తనకూ షుగర్ బయటపడింది. మూడు నెలల్లో తగ్గకపోతే మందులు మొదలుపెడదామని డాక్టర్ అంది. శేషగిరికి మందుల కన్నా ఆ కన్నే ఎక్కువ గుర్తొచ్చేది.

అన్నం మానడం అతనికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. చిన్నప్పటి నుంచీ వాళ్లింట్లో శనివారం రాత్రి ఉపవాసం. ఉపవాసం అంటే కడుపు మాడ్చుకోవడం కాదు, అన్నం బదులు టిఫిన్ తినడం. ఇన్నేళ్లుగా వెంకటేశ్వరస్వామి ఒప్పుకున్న పద్ధతిని షుగర్ ఎందుకు ఒప్పుకోదు? అందుకని వారమంతా శనివారాలే చేసేశాడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చపాతీలు, రాత్రి ఉప్మా. లేకపోతే దోశలు. త్యాగం చేసే మనిషికి ఆకలి ఎక్కువ కదా, ఇంకోటి వెయ్యమనేవాడు.

"అన్నం తిన్నప్పుడు కూడా ఇంత తినలేదండీ మీరు," అంది భార్య ఉష.

"డైటింగ్‌లో ఉన్నవాణ్ణి దెప్పకు," అన్నాడు.

మూడు నెలలయ్యాక తీరా టెస్ట్ చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది. డాక్టర్ మందు రాసి, భార్యాభర్తలిద్దర్నీ డైటీషియన్ దగ్గరికి పంపింది. ఆ అమ్మాయి దియ, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల.

"అంకుల్, డిన్నర్‌కి ఏం తింటారు?"

"అన్నం ముట్టనమ్మా. ఓన్లీ టిఫిన్."

"ఇడ్లీలో రైస్ ఉంది. దోశలో రైస్ ఉంది. ఉప్మా, చపాతీ వీట్. అన్నీ కార్బ్సే కదా, అంకుల్."

శేషగిరి ఉష వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తోంది.

"అయితే అన్నీ మానెయ్యనా?"

"నో నో. కార్బ్స్ బ్యాడ్ కాదు, ఎనర్జీ కావాలి కదా. ఎంత తింటున్నాం, దేంతో తింటున్నాం, అది చూడాలి. హాఫ్ ప్లేట్ వెజిటబుల్స్. క్వార్టర్ ప్రోటీన్. క్వార్టర్ రైస్, ఓకే."

రైస్ ఓకే. ఇన్నాళ్లూ పెరుగన్నం కోసం లోలోపల ఏడ్చిందంతా ఉత్తపుణ్యానికేనన్నమాట. శేషగిరికి ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

ఆ సాయంత్రం ఉష కంచం పెట్టింది. సగం నిండా బీన్స్ కూర, ఓ పక్కన ముద్దపప్పు, ఇంకో పక్కన కాస్త అన్నం.

"ఏమిటే ఇది? కాకికి పెట్టినట్టు పెట్టావు."

ఉష గరిటె గిన్నెలో వదిలేసి అతని మొహంలోకి చూసింది.

"మీ పేరున కాకికి పెట్టే రోజు నేను చూడకూడదనే."

శేషగిరి కంచం దగ్గరికి లాక్కున్నాడు. ముందు కూర తినడం మొదలుపెట్టాడు.